స్కీయింగ్ రానివాళ్ళ కార్యక్రమం

మొన్న శనివారం మా అమ్మాయి నా ఫోన్‌కి ఒక ప్లాన్ పంపించింది. చలికాలం సెలవుల్లో తనూ, అల్లుడూ, పిల్లలూ స్కీయింగ్ కోసం టాహో మంచుకొండలకి వెళుతూ నన్నూ రమ్మన్నారు. నాకు స్కీయింగ్ రాదు కాబట్టి, వాళ్ళు కొండ మీద జారుతున్నంతసేపూ నాకు పొద్దుపోవడానికి ఏమేం ఉన్నాయో అందులో రాసింది. ఒళ్ళంతా సముద్రపు నాచు పూసి తడిగుడ్డలో చుట్టే స్పా ఒకటి, రకరకాల చాక్లెట్లు చప్పరించి అభిప్రాయం చెప్పే కార్యక్రమం ఒకటి, గైడు వెనకాల పైన్ చెట్ల మధ్య ఎవరితోనూ మాట్లాడకుండా నడిచే నడక ఇంకొకటి. డబ్బిచ్చి మరీ నోరు మూసుకోవడమేమిటో, నీచు వాసన కొట్టే నాచుని ఒంటికి పట్టించుకోవడమేమిటో, చదువుతుంటేనే నాకు రోత పుట్టింది. వెంటనే అమ్మాయి ఫోన్ కూడా చేసి, "అమ్మా, నీకు ఏది కావాలో చెప్పు, నేను బుక్ చేస్తా. నువ్వు జస్ట్ రిలాక్స్ అవ్వాలి, ఓకే?" అంది తన అమెరికా యాసలో. చూసి చెబుతానని పెట్టేశాను కానీ, ఆ రిలాక్స్ అన్న మాట చెవిన పడగానే ఎన్నో ఏళ్ళ కిందటి కంపు ఒకటి మళ్ళీ ముక్కుకు తగిలినట్టయింది.

అప్పట్లో మేము కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నాలాగే ఆ రోజుల్లో హెచ్‌వన్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఈ సంగతులు గుర్తుండే ఉంటాయి. చలికాలంలో లాంగ్ వీకెండ్ వచ్చిందంటే మూడు నాలుగు కుటుంబాలు కలిసి టాహోలో క్యాబిన్ అనే చెక్క ఇల్లొకటి అద్దెకు తీసుకునేవాళ్ళం, కార్ల డిక్కీల్లో స్కీల కంటే ముందు ప్రెషర్ కుక్కర్లూ ఇడ్లీ రేకులూ ఆవకాయ సీసాలూ ఎక్కేవి. ఆడవాళ్ళం కూడా వారమంతా ఆఫీసులో మగవాళ్ళతో సమానంగా కోడ్ రాసి వచ్చినవాళ్ళమే, అయినా క్యాబిన్ తలుపు తీయగానే ఎవరూ చెప్పకుండానే మా కాళ్ళు వంటింటి వైపే నడిచేవి. మగవాళ్ళు మమ్మల్ని రిలాక్స్ అవ్వమని చెప్పి కొండెక్కి, నకనకలాడే కడుపులతో తిరిగి వచ్చేవారు. గిన్నెలు తోముతూ వంటింటి కిటికీలోంచి చూసిన మంచు తప్ప, నేను మంచులో తిరిగిందంటూ లేదు.

ఒక ఏడు మావారు, స్కీయింగ్ రానివాళ్ళకి ఏం చేయాలో నువ్వే చూడు అని మాటవరసకు అన్నారు. నేను దాన్ని మనసుకు పట్టించుకున్నాను. ఆఫీసులో లంచ్ టైమంతా ఫోన్లు చేసి, రెండు గుర్రాలు లాగుతుంటే చక్రాలు లేకుండా మంచు మీద జారిపోయే బండి ఒకటి ఉందని కనుక్కుని, ఆదివారం పొద్దున ఆడవాళ్ళకీ పిల్లలకీ బుక్ చేశాను. బెజవాడ ఎండల్లో పెరిగినదాన్ని, ఒక్కసారైనా కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, చేతిలో గరిటె లేకుండా, ఆ తెలుపు మధ్యలోంచి వెళ్ళాలని నాకు చిన్నపిల్లలాగా కోరిక పుట్టింది. ఈ దేశం వచ్చాక నా కోసమని నేను కోరుకున్నది అదొక్కటే.

మాతో వచ్చిన మావారి అక్కగారికి ఆదివారం పొద్దున ఇడ్లీ లేకపోతే తెల్లవారినట్టు కాదు. ఇంటి దగ్గర రుబ్బి తెచ్చిన పిండి ఆ చలికి పొంగే సూచనే లేకపోవడంతో, వదినగారు శనివారం సాయంత్రం క్యాబిన్ అంతా వెతికి, కింద ఒక వెచ్చని గది పట్టుకున్నారు. తడిసిన స్కీ బూట్లు ఆరబెట్టుకోవడానికి హీటర్ పెట్టిన గది అది. పిండి గిన్నె తీసుకెళ్ళి అక్కడ బూట్ల మధ్య పెట్టారు. వాళ్ళూ వీళ్ళూ తొడిగి విడిచిన ఆ అద్దె బూట్ల కంపుకి నేను గుమ్మం దాటి లోపలికి పోలేకపోయాను.

పొద్దున్నే వెళ్ళి చూద్దును కదా, పిండి బ్రహ్మాండంగా పొంగి, మూత పక్కకు నెట్టేసి, పైన తీగ మీంచి జారిపడిన మావారి సాక్సుని సగం మింగి కూర్చుంది. నేను గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాను. వదినగారు మాత్రం చెక్కు చెదరకుండా, "పైపైన తీసేశానమ్మా, ఆవిరికి అన్నీ చచ్చిపోతాయి" అంటూ రేకుల్లో పోయడం మొదలుపెట్టారు. నేను ఊరుకోలేదు, బల్ల దగ్గర అందరి ముందూ సాక్సు సంగతి చెప్పేశాను. మావారు ఇంకో ఇడ్లీ చట్నీలో ముంచుతూ, "అందుకేనా ఇవాళ పులుపు ఇంత బాగా కుదిరింది!" అన్నారు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వి ఇంకో వాయి అడిగారు. ఆ సాక్సు కంటే ఆ నవ్వుకే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

గుర్రాల బండి దగ్గరికి మమ్మల్ని మావారే కారులో దింపాలి, మంచు రోడ్ల మీద టైర్లకి చెయిన్లు వేసి నడపడం మాకెవరికీ రాదు. వాయి తరవాత వాయి, మళ్ళీ చట్నీ, మళ్ళీ కాఫీ. మా అమ్మాయి కోటూ టోపీ వేసుకుని గుమ్మం దగ్గర కూర్చుని గుర్రాలు, గుర్రాలు అని కలవరిస్తూనే ఉంది. టైమ్ దాటిపోయింది. పోనీలే, వచ్చే ఏడు వెళ్దురుగాని, గుర్రాలు ఎక్కడికి పోతాయి అని మావారు స్కీలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. నేను అడుగంటిన గిన్నెలు తోముతూ, ఆ మంచు చూస్తే ఏడుపు వస్తుందని కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాను.

వచ్చే ఏడు రానే లేదు. ఉద్యోగాలు మారి ఒకరు టెక్సాస్‌లోని ఇర్వింగ్, ఒకరు ఆరిజోనాలోని చాండ్లర్ చేరారు. టాహో అంటేనే నాకు వెగటు పుట్టి ఆ మాటే ఎత్తలేదు. మావారు పోయి కూడా కొన్నేళ్ళయింది.

ఇప్పుడు ఏ పూట ఎక్కడ తినాలో కూడా ముందే బుక్ అయిపోయింది, నా చేత ఒక్క ఇడ్లీ వేయించుకునేవాళ్ళు లేరు. నిన్న మా అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసి, "చిన్నప్పుడు ట్రిప్‌కి వెళ్తే నువ్వు ఎప్పుడూ కిచెన్‌లోనే ఉన్నావమ్మా. నేను రాసినవి నచ్చకపోతే వదిలెయ్. నీకు ఏం చెయ్యాలని ఉంది?" అంది. ఆ మాట నన్ను అడగడానికి మా ఇంట్లో ఒక మనిషి పుట్టి, ఇంత పెరగాల్సి వచ్చింది. ఆనాడైతే గుర్రాల బండి అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పి ఉందును. ఇప్పుడు ఎంత వెతుక్కున్నా నాకేమీ తోచలేదు. నీ ఇష్టం అమ్మా, ఏదో ఒకటి బుక్ చేసెయ్ అన్నాను.