గొడుగు గుర్తు అభ్యర్థి

ఈ రోజు మా ఇంటికి సాక్షాత్తూ గవర్నర్ పదవికి పోటీ చేస్తున్న అభ్యర్థి వచ్చాడు! అమెరికాలో గవర్నర్‌ని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు లెండి. రెండు పెద్ద పార్టీల మనిషి కాదు, మూడో పార్టీ. మా ఊరు అల్ఫారెట్టా వానలో గొడుగేసుకుని ఒక్కడే ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

తలుపు తీసింది మా నాన్న. ఆరు నెలలు ఉండటానికి ఒంగోలు నుంచి వచ్చారు. ఎన్నో ఎలక్షన్ డ్యూటీలు చేసిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు. కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో గుర్తేదమ్మా? అడుగు," అన్నారు.

అడిగాను. ఇక్కడ గుర్తులుండవు, బ్యాలట్ మీద పేరూ పార్టీ మాత్రమే ఉంటాయన్నాడు.

నాన్నకి నచ్చలేదు. "గుర్తు లేకుండా ఓట్లెట్టా అడుగుతాడమ్మా? చేతిలో గొడుగుందిగా, అదే పెట్టుకోమను!"

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆయన పకపకా నవ్వి, గొడుగు పైకెత్తి నాన్నతో సెల్ఫీ దిగాడు. సాయంత్రానికి ఆ ఫొటో ఆయన ప్రచార పేజీలోకి ఎక్కేసింది! కింద "మా కొత్త గుర్తు" అని రాశాడు.

నాన్న ఆగుతారా? పార్కులో వాకింగ్ ఫ్రెండ్స్ అందరి చేతా గొడుగుకే ఓటని మాట తీసుకుని వచ్చారు. వాళ్లందరివీ విజిటర్ వీసాలే.

ఈ ఇంట్లో ఓటున్నది నాకొక్కదానికే. ఎవరికి వేస్తావని నాన్నా, ఆ అభ్యర్థీ ఇద్దరిలో ఒక్కరూ నన్ను అడగలేదు. మీరైనా అడగండి!