చెరిపినా తిరిగొచ్చిన పేజీ

ఫోన్లో తెలుగు టైపు చేసుకోవడానికి కొందరం కలిసి ఒక ఉచిత కీబోర్డు తయారుచేశాం. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు ఆన్‌లైన్లో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. అలా తలా ఒకరు రాసీ రాసీ అవి చిక్కుపడ్డ నూలులా తయారయ్యాయి. వాటిని సర్దే పని నేను ఒప్పుకున్నాను. తాండూరులో మా ఇంట్లోనే, వంట అయ్యాక కూర్చునేదాన్ని. బయట బండల లారీలు పోతుంటే కిటికీ రెక్కలు అదిరేవి.

ఆ పేజీల్లో సగం రాసింది వికారాబాద్‌లో ఉండే ఒక పెద్దాయన. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. మా కీబోర్డు గ్రూపులో మాత్రం నా తప్పులు ఓపికగా దిద్దేవారు. చలికాలంలో ఆయన పోయారని కూడా గ్రూపులోనే తెలిసింది.

ఒత్తులు ఎలా కొట్టాలో ఆయన రాసిన పేజీ పాతబడింది. అందులో చెప్పిన మీట ఇప్పుడు కీబోర్డులోనే లేదు. కొత్త పేజీ రాసి, పాతది తీసేశాను. బట్టలు ఆరేసి వచ్చేసరికి అది మళ్లీ అక్కడే ఉంది. తిరిగి పెట్టింది ఎవరా అని చూస్తే ఆయన పేరే. పొరపాటేమో అనుకుని మళ్లీ తీసేశాను. మళ్లీ వచ్చింది. ఆ రోజు ఇంక కంప్యూటర్ ముట్టుకోలేదు.

వాళ్లింటి నంబరు కనుక్కుని ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తారు. ఆయన కంప్యూటర్ ఎవరైనా వాడుతున్నారా అని అడిగాను.

"ఎవరు ముట్టుకుంటరు బిడ్డా? నేనొక్కదాన్నే ఉంటున్న. నాకు అది రాదు" అన్నారు. మళ్లీ తనే, "ఒకసారి వచ్చి జర సూశి పో" అన్నారు.

మర్నాడు పొద్దున రైలెక్కి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసిన గదిలో కంప్యూటర్ సన్నగా రొద చేస్తూ నడుస్తోంది.

"బంద్ చేయలేదా అమ్మా?"

"ఎట్ల చేస్త? గా చప్పుడు బందైతే ఇల్లంత ఖాళీ అయినట్టుంటది. కరెంటు పోయినా ఆగొద్దని ఆయనే ఇన్వర్టర్ పెట్టించిండ్రు."

కంప్యూటర్లో వెతికితే కారణం దొరికింది. ఒకప్పుడు ఎవడో ఆకతాయి పేజీలన్నీ చెరిపేశాడని ఆయనే అందులో రాసిపెట్టుకున్నారు. అప్పటినుంచి, తను రాసిన పేజీ ఎవరు చెరిపినా దానంతటదే తిరిగి పెట్టేలా ఆయన చిన్న ప్రోగ్రాం రాసుకున్నారు. అది ఇంకా నడుస్తూనే ఉంది.

ఆమెకు చూపిద్దామని నా ఫోన్లోంచి ఆ పేజీ తీసేశాను. ఇద్దరం ఖాళీ కుర్చీ వెనక నిలబడ్డాం. ఈలోగా నల్లబడ్డ తెర ఒక్కసారి వెలిగింది. అక్షరాలు వరసగా పరుగెత్తాయి. పేజీ తిరిగొచ్చింది.

"సూశినవా? పనిల ఉన్నరు" అన్నారామె, వినబడితే ఆయన పని చెడుతుందన్నట్టు గొంతు తగ్గించి.

కారణం తెలిసి కూడా నా ఒళ్లు గగుర్పొడిచింది. "ఆపమంటారా అమ్మా?" అని అడిగాను. ఆమె వంటింట్లోకి వెళ్లి రెండు కప్పుల టీ తెచ్చారు. ఒకటి నాకిచ్చి, రెండోది కీబోర్డు పక్కన పెట్టారు. తను తాగలేదు.

నేను ఆపలేదు. పాత పేజీ పైన, ఇది పాత పద్ధతి అని ఒక వాక్యం రాసి, కొత్త పేజీకి దారి చూపించాను. చెరిపితేనే ఆ ప్రోగ్రాం అడ్డుపడుతుంది, ఇలా ఏదైనా చేరిస్తే ఊరుకుంటుంది.

ఆ పాత పేజీ ఇంకా ఎందుకుంచారని గ్రూపులో కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఉండనీయండి అంటాను.