పిట్టకు పెట్టిన ఆకు

అమ్మ దినాల రోజు పిట్ట ముట్టలేదు.

మా వైపు సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, చెరువు గట్టున ఆకులో వడ్డించి, దూరం జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు. నేను హనుమకొండలో పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని. ఇవన్నీ నమ్ముతావా అని ఎవరైనా అడిగితే నమ్మననే చెప్తాను. ఆ రోజు మాత్రం మెడ ఎత్తి కాకుల వైపే చూస్తూ నిలబడ్డాను.

ఏడుపు రాలేదు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆకలీ లేదు, నిద్రా లేదు. వచ్చినవాళ్లు నన్ను పట్టుకుని ఏడుస్తుంటే వాళ్ల వీపు నిమిరి నేనే ఓదార్చాను. కోపం కూడా రాకపోవడం నాకే వింతగా ఉంది. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతో వచ్చింది, మా ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు.

వరంగల్ బజార్లో మాది ఒకప్పుడు ఇస్తారాకుల దుకాణం. అమ్మది నర్సంపేట దగ్గర పల్లె. అక్కడి నుంచే మోదుగాకు కట్టలు బస్సు మీద వచ్చేవి. మధ్యాహ్నం పూట అమ్మ గడపలో కూర్చుని సన్నటి పుల్లలతో ఆకులు కుట్టేది. ముచ్చట్లు పెడుతూ కుట్టేది, మమ్మల్ని తిడుతూ కుట్టేది, చేతివంక మాత్రం చూసేది కాదు. నాన్న పోయాక తమ్ముడు దుకాణం అందుకున్నాడు. పెళ్లిళ్లకు ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోల్ ప్లేట్లు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. మోదుగాకు కట్టలు ముందు వెనక గదిలోకి, తర్వాత అక్కడి నుంచి కూడా వెళ్లిపోయాయి. ఇప్పుడు మాది డిస్పోజల్ దుకాణం. వాణ్ని తప్పుపట్టలేను. ఇల్లు గడిచింది దాంతోనే, అమ్మకు మందులు వచ్చిందీ దాంతోనే.

అమ్మ దాని గురించి ఏమీ అనలేదు. కూరగాయలకు మాత్రం బట్ట సంచి పట్టుకునే పోయేది. కవర్లో కట్టి తెచ్చిన చాయ్ ముట్టేది కాదు, అదీ ఒక చాయేనా అని మూతి తిప్పేది. వానాకాలం మా ఇంటి వెనక నాలాలో నీళ్లకన్నా గ్లాసులే ఎక్కువ పారేవి. అందులో సగం మన సరుకే అని నేను దెప్పితే తమ్ముడు నవ్వి ఊరుకునేవాడు. అమ్మ అప్పుడు కూడా ఏమీ అనేది కాదు. పోయే ముందు దవాఖానలో ఒక్కటే అడిగింది.

“నా పిట్టకు మాత్రం ఆకుల పెట్టుండ్రి బిడ్డా.”

ఇద్దరం మంచం పక్కనే ఉన్నాం. ఇద్దరం విన్నాం. సరే అన్నాం.

దినాల రోజు గట్టు మీద తమ్ముడు సంచిలోంచి దాన్ని తీశాడు. పచ్చటి ప్లాస్టిక్ షీటు. అరిటాకు ఆకారంలో కత్తిరించి, మీద ఈనెలతో సహా అచ్చు వేసింది. దాని మీద అన్నం, పచ్చిపులుసు, చేపల కూర, గారెలు వడ్డించారు. గాలికి లేస్తుంటే అంచు మీద రాయి పెట్టారు. నేను చూస్తూనే ఉన్నాను, నోరు తెరవలేదు. ఎవరి దినాలకో వచ్చి నిలబడ్డట్టుంది నాకు.

కాకులు తుమ్మ చెట్టు మీద కూర్చున్నాయి. ఒకటి దిగి దగ్గరిదాకా వచ్చింది. షీటు రెపరెపలాడగానే ఎగిరిపోయింది. ఎండ ఎక్కుతోంది. మా మేనమామ ఒక్కొక్కటిగా మాట ఇవ్వడం మొదలుపెట్టాడు. నీ మనవరాలిని మంచిగా చదివిస్తరు, నీ బంగారం నీ ఆడపిల్లకే ఇస్తరు, పాలకుర్తి గుట్టకు పోయి నీ మొక్కు తీరుస్తరు, జర ముట్టు చెల్లే అని. ప్రతి మాటకూ తమ్ముడు చేతులు జోడించి అవునవునంటున్నాడు. కాకులు కదల్లేదు.

ఆఖరికి మామ నా వైపు తిరిగి, కోరిక ఏమన్నా ఉన్నదని నీకు చెప్పిందా అని అడిగాడు.

“ఆకుల పెట్టుమన్నది మామా. గంతే.”

తమ్ముడు నా మొహంలోకి చూశాడు.

“ఆకులనే పెట్టిన గదా అక్కా.”

వాడి కళ్లలో మోసం లేదు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. దుకాణంలో ఆ షీట్ల పేరే ఆకులు. ఆకులు ఒక ప్యాకెట్ ఇయ్యన్నా అని గిరాకీ అడిగితే, వాడి చెయ్యి దానంతటదే వాటి మీదికి పోతుంది. అమ్మ ఆకు అన్నప్పుడు కూడా వాడికి తోచింది అవే. ఉన్నవాటిలో మందమైనది, మంచిది ఏరి తెచ్చాడు పాపం. ఏమని తిట్టను?

మనం పోయినంక ముడ్తదిలే అని ఎవరో అన్నారు. అందరూ కాళ్లు కడుక్కుని ఆటోలెక్కారు. ఇంట్లో భోజనాలూ ఆ ఆకుల్లోనే. నేనూ తిన్నాను, రుచి తెలియలేదు.

నెల మాసికానికి తమ్ముడు ఎవరికీ చెప్పకుండా బండి మీద అమ్మ పల్లెకు పోయాడు. ఇంకా కుట్టడం మరవని ఒక ముసలామెను వెతికి పట్టుకుని, మోదుగాకు విస్తరి కుట్టించి, తడిబట్టలో చుట్టి తెచ్చాడు. గట్టు మీద అందులో వడ్డించి ఇంకా పక్కకు జరగనేలేదు, కాకి దిగింది. వెనకే మరో రెండు. మామ దండం పెట్టాడు. తమ్ముడు అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు హమ్మయ్య అనిపించింది. ఏడుపు మాత్రం అప్పుడూ రాలేదు.

కాకులు పొడిచిన పొడుపుకు ఆకు కుట్టు ఊడి, ముక్కలై, గాలికి పోయింది. అప్పుడు కనిపించింది, కాస్త అవతల, అదే రాయి కింద. దినాల నాటి షీటు. అన్నం ఏ కుక్క తిన్నదో, ఏ వానకు పోయిందో. దాని మీద ముక్కు గాటు ఒక్కటి లేదు, ఒక్క ఈనె చెరగలేదు. రాయి జరిపి, బురద దులిపి చేతిలోకి తీసుకున్నాను. తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

“పారెయ్యక్కా.”

చుట్టూ చూశాను. చెరువు అంచునంతా కవర్లే. తుమ్మ ముళ్లకూ కవర్లే.

“ఏడ పారెయ్యాలె రా?”

వాడు కూడా చుట్టూ చూశాడు. నేను దాన్ని మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి కడిగి బీరువాలో అమ్మ చీరల పక్కన పెట్టాను.  జీవితమంతా ఆకులు కుట్టింది అమ్మ. ఆమె చేత్తో కుట్టిన ఆకు ఇవాళ మా దగ్గర ఒక్కటీ లేదు. ఇది ఉంది.