యోబు గుండెకు లేటు మస్టరు

ముప్పై నాలుగేళ్ల బొగ్గుబాయి నౌకరీలో యోబు ఒక్కనాడూ డ్యూటీకి లేటు కాలేదు. ఆ సంగతి కొమురెల్లి హోటల్లో చాయ్ తాగే ప్రతివాడికీ తెలుసు. తెలియనివాడికి చాయ్ చల్లారేలోగా యోబే చెప్పేవాడు. రిటైరైన మూడేళ్లకు, హోటల్ దాకా నడిచేసరికి ఆ కథ చెప్పడానికి ఊపిరి మిగలడం మానేసింది. ఆరు నెలలు మందులు మింగినా గుణం కనబడక, భార్య సుసన్నా మళ్లీ కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరు సంతోషి ఈసీజీ కాగితం ముందు పెట్టుకుంది.

"బాపూ, రక్తనాళాలు మంచిగనే ఉన్నయి. తిప్పలంతా కరెంటుతోని. గుండె కొట్టుకోవాల్నంటే కరెంటు పోవాలె గదా. కుడిదిక్కు టైముకే అందుతున్నది. ఎడమదిక్కు వైరు పనిచేస్తలేదు, చుట్టు తిరిగి పోతున్నది. అందుకే ఎడమ గోడ లేటుగ వస్తున్నది."

యోబు మొహం మాడిపోయింది. "లేటా? నా గుండెనా?"

"సెకండుల పదో వంతు, అంతే."

"ఎంతైనా లేటు లేటే మేడం. నా హాజరు రాసిన మస్టరు బుక్కు తీసి చూడుండ్రి."

డాక్టరు దారి మార్చింది. "పట్టాలు తప్పిన బొగ్గు టబ్బును ఎట్ల లేపుతరు?"

"ఒకడు కూత పెడితే నలుగురం ఒక్కటేసారి."

"ఇద్దరు లేపి వదిలినంక ఇంకిద్దరు లేపితే?"

"టబ్బు లేవది. నడుములు పోతయి."

"మీ గుండె గదే చేస్తున్నది. బలమంతా వట్టిగ పోయి, గుండె రబ్బరు లెక్క సాగుతున్నది. రెండు దిక్కుల వైర్లేసి ఛాతీల చిన్న మిషన్ పెడితే, అది కూత పెడ్తది. ఇంకా ఆగితే ఇంకింత సాగుతది. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టుండ్రి."

యోబుకు అంతా అర్థమైంది. అయినా చెయ్యి కదల్లేదు. బాయి మీద లేటైనవాడితో తప్పైందని కాగితం రాయించుకుని కింద సంతకం పెట్టించుకునేవారు. ఇన్నేళ్లు తప్పించుకున్న ఆ సంతకం ఇక్కడ, ఆడవాళ్ల ముందర!

"పెట్టవా?" అంది సుసన్నా. "మేడంకు మన పెండ్లి సంగతి చెప్పాల్నా?"

"గదెందుకే ఇప్పుడు."

"మస్టరు పోవద్దని పెండ్లినాడు సుత పొద్దటి షిఫ్టుకు పోయిండు మేడం. నేను చర్చిల మూడు గంటలు కూసున్న. పాస్టరు ప్రార్థన రెండుసార్లు చేసిండు, మూడోది మా మేనమామతోని చేయించిండు. ఆఖరికి వచ్చిండు, మెడల పూలదండ, చెవులల్ల బొగ్గు."

డాక్టరు ఈసీజీ కాగితం మొహానికి అడ్డం పెట్టుకుంది. కాగితం వణికింది.

"పెన్ను ఇయ్యుండ్రి మేడం," అన్నాడు యోబు, సుసన్నా మళ్లీ నోరు తెరిచేలోగా.

మిషన్ పెట్టిన మూడు నెలలకు స్కానింగులో రెండు గోడలూ ఒక్క కూతకు కదిలాయి. డాక్టరు సంతోషపడి, గడియారం చూసింది.

"గుండె టైముకే వస్తున్నది బాపూ. మిమ్ముల పదింటికి రమ్మంటే ఒంటిగంట ఎందుకైంది?"

యోబు పైకప్పు ఫ్యాను చూడసాగాడు.

"కొమురెల్లి హోటల్ల మస్టరు కథ చెప్పుకుంట కూసున్నడు మేడం," అంది సుసన్నా. "రెండు బస్సులు పోయినయి. ఇప్పుడు ఊపిరి ఉన్నది గదా."