బెల్లం లేని ఎలుగుబంటి

బోధన్ రోడ్డులో చెరుకు చేల మధ్య ఒక బొమ్మల మ్యూజియం ఉంది. చుట్టూ వేపచెట్లు, జామతోట, చిన్న కుంట. ఆదివారాలు అక్కడ పిల్లలతో బొమ్మలు వేయిస్తారు. పిల్లతో పాటు ఇంటి పెద్ద ఒకరు ఉండాలని నియమం. మొన్న చలికాలంలో కంఠేశ్వర్ నుంచి మనవరాలిని తీసుకుని నేనే వెళ్లాను. పదింటికి రమ్మన్నారు, పదింటికే ఉన్నాం. మిగతావాళ్లు పదకొండుకు వచ్చారు.

ఆ రోజు బాగా వచ్చిన బొమ్మ ఒక్కటి హాల్లో పెడతారు. పెట్టబోయేది తనదేనని మనవరాలు బడిలో ముందే చెప్పేసింది. అందుకే ఆటోలో దారంతా అరచేతులు గౌనుకు తుడుచుకుంటూ కూర్చుంది.

నేర్పించే మేడమ్ షరతులు చెప్పింది. తోటలో కంటితో చూసిందే గీయాలి. రంగులూ ప్రకృతివే కావాలి: పసుపు, ఆకు పసరు, లేదంటే బొగ్గు. పసుపూ పసరూ కాగితానికి పట్టాలని బెల్లం నీళ్లలో కలిపి ఇచ్చింది.

పిల్లలందరూ పొద్దుతిరుగుడు పూలు గీశారు. ఆ తోటలో పొద్దుతిరుగుడు ఒక్కటి కూడా లేదు.

"నీకేది కనవడితే గదే గియ్యి," అన్నాను మనవరాలితో.

పిల్లకు కనబడింది ఎలుగుబంటి.

కోతుల బెడదకు మ్యూజియం వాళ్లు ఒక మనిషికి ఎలుగుబంటి వేషం వేసి తోటలో తిప్పుతారు. కమ్మర్‌పల్లి వైపు మక్కజొన్న చేన్లకు కాపలా కాసి వచ్చిన వేషం అది. అప్పుడతను ఎలుగుబంటి తల తీసి ఒళ్లో పెట్టుకుని చాయ్ తాగుతున్నాడు. పిల్ల బొగ్గుతో అంతా గీసింది: రెండు తలలు, పొట్ట మీద జిప్పు, చాయ్ గ్లాసు, హవాయి చెప్పులు. చెప్పుల పట్టీలు మరిచిపోతే నేను గుర్తు చేశాను. వెనకవైపు పేరు, తారీఖు, టైము రాయించి, అందరి బొమ్మలతో పాటు వరండాలో ఆరబెట్టించాను.

"ఇది ప్రకృతి కాదు కదమ్మా, మా స్టాఫ్," అంది మేడమ్.

"తోటల ఉన్నది, కంటితోని చూసింది. ఇంకేం గావాలె?"

"ఎలుగుబంటి అయితే ఒప్పుకుంటాను. మనిషైతే కుదరదు."

"మరి ఆయన్నే పిల్వుండ్రి, అడుగుదాం."

అతన్ని హాల్లోకి పిలిచారు. వేషంతో లోపలికి రావద్దని వాచ్‌మన్ అడ్డుకుంటే, తల గుమ్మం బయట పెట్టి వచ్చాడు.

"నువ్వు మనిషివా, ఎలుగుబంటివా?" అని మేడమ్ సూటిగా అడిగింది.

అతను పొట్ట మీది జిప్పు చూసుకున్నాడు. "తొమ్మిది నుంచి ఐదు దాక గుడ్డెలుగునే మేడమ్. అన్నం తినేటప్పుడు మనిషిని."

"చాయ్ తాగేటప్పుడో?" అన్నాను.

"గదే సమజైతలేదవ్వా."

ఈ విచారణ సాగుతుండగా తోటలో ఎలుగుబంటి లేదని కోతులు కనిపెట్టాయి. వరండాలోని బొమ్మల మీద పడ్డాయి. బెల్లం రుచి తగిలాక ఆగుతాయా? పొద్దుతిరుగుడు పూలన్నీ నాకేశాయి, ఆకులు నమిలేశాయి. ఒక పిల్లకోతి గుమ్మం దగ్గరి ఎలుగుబంటి తలలో దూరి కూర్చుంది. ఆ తల కదలడం చూసి మిగతా కోతులు బెదిరి వేపచెట్లెక్కాయి.

మేం బయటికొచ్చేసరికి మిగిలింది మా పిల్ల బొమ్మ ఒక్కటే.

"చూశారా, ఈ బొమ్మను చూసే పారిపోయాయి!" అంది మేడమ్.

"గది కాదు మేడమ్, దాంట్ల బెల్లం లేదు," అన్నాను. ఎవరూ వినలేదు.

ఎలుగుబంటి మనిషి ముఖం వాడిపోయింది. "అవ్వా, కోతులు కాయిదాన్ని చూసే ఉరికితే, రేపటి సంది నన్నెవలు పిలుస్తరు?"

"బుగులు వడకు. కాయిదం చెట్లెమ్మట తిరుగుతదా?"

బొమ్మను హాల్లోనే పెట్టారు. అయితే కిటికీ అద్దానికి, కోతులకు కనబడేలా బయటివైపు తిప్పి అంటించారు. లోపలున్న వాళ్లకు పేరు, తారీఖు, టైము మాత్రమే కనబడతాయి.

"అవ్వా, నాది పెట్టినట్టేనా?" అంది పిల్ల, కళ్లలో నీళ్లతో.

"పెట్టిండ్రు బిడ్డ. పా, బయటికి వోయి చూద్దాం."

కిటికీ దగ్గర ఎలుగుబంటి మనిషి అప్పటికే నిలబడి బొమ్మలో తన చెప్పుల పట్టీలు చూసుకుంటున్నాడు. వెనక వేపచెట్ల మీద కోతులు కూర్చున్నాయి. మనవరాలు కాసేపు బొమ్మనూ, కాసేపు చెట్లనూ చూసింది. కళ్లు తుడుచుకుంది.

"అన్నా, కొంచెం జరుగు," అంది. "కోతులకు కనవడ్తలేదు."