గడప వెంట మింజూరుకు

ఇంటీరియర్ డెకరేషన్ పనిలో ఇల్లు పూర్తయిందని ఎవరూ అనరు. ఆఖరి వస్తువు ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. మద్రాసుకు ఉత్తరాన మింజూరు అవతల కట్టిన ఆ ఫామ్‌హౌస్‌లో మిగిలింది గడప. దానికోసమే వానల్లో నెల్లూరు నుంచి పొద్దున బండి ఎక్కాను. ఊరి పేరు చెన్నై అని మార్చినా, టికెట్టిచ్చిన గుమాస్తా, నేనూ మద్రాసనే అనుకున్నాం.

సూళ్లూరుపేటలో ఎక్కిన పూలావిడ నా ఒళ్లో కర్టెన్ గుడ్డల ముక్కలు చూసి ఏం పనని అడిగింది. ఇళ్లు అలంకరిస్తానన్నాను. "వాళ్ల ఇంటిని వాళ్లు సర్దుకోలేరా తల్లీ?" అంది. నవ్వేశాను గానీ ఆ మాట ఎన్నూరు దాకా నన్ను వదల్లేదు.

పదింటికి సెంట్రల్‌లో దిగి, ఎదురుగా ఉన్న హోటల్లో పొంగలి తిని, సిటీ బస్సులో జార్జి టౌన్ చేరాను. లాడ్జిలో నాకిచ్చిన గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. వెళ్లేవాళ్లు పై అంతస్తు అడగండి.

నన్ను పిలిపించిన శెట్టిగారివి తాతలనాటి పప్పుల మండీలు. పేరున్న కుటుంబం. జార్జి టౌన్‌లోని పాత ఇల్లు బిల్డరు చేతికి పోయింది, దీపావళి దాటితే పడగొట్టేస్తారు. ఫామ్‌హౌస్‌లో వరండా నుంచి హాలు దాకా పాలరాయి ఒకే మట్టంలో పరిపించారాయన. చూపు దాదాపు పోయిన ఆయన తల్లి నాగమ్మవ్వ ఆ సంగతి విని, గడప లేనిది ఇల్లు కాదు సత్రం అని భీష్మించుకుంది. నాలుగు వైపుల నుంచీ నచ్చజెప్పగా చివరికి ఒక షరతు మీద దిగొచ్చింది. పాత ఇంటి గడప తెచ్చి వేస్తేనే వస్తుంది.

మధ్యాహ్నం పాత ఇంట్లో వడ్రంగి ఆచారి గడప ఊడదీయబోతుంటే అవ్వ ఆగమంది. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, నా అరచేతిని గడప నడుమ పెట్టింది.

"ఈడ గుంత తగల్తా ఉందా అమ్మణ్ణీ? మా అత్త చెయ్యి, ఆమెకి ముందు ఆమె అత్త చెయ్యి. శుక్రవారం శుక్రవారం పసుపు రుద్ది రుద్ది పడింది. కండ్లు పోయినా ఇది తగిలితే నా ఇల్లని తెలిసిపోతాది నాకు."

తొక్కకూడదని పిల్లల్ని ఎంత తిట్టినా తొక్కనివాళ్లెవరు? అందులో కాళ్ల వాటా కూడా ఉండే ఉంటుంది. ఆ మాట నేను పైకి అనలేదు.

గడపను తోపుడుబండి మీద చింతాద్రిపేటలోని ఆచారి కొట్టుకు చేర్చి, చివర్లు కొలతకు కొయ్యడం తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దని చెప్పాను. మర్నాడంతా వానలో కర్టెన్ రింగుల కోసం గోవిందప్ప వీధి పక్క సందులన్నీ తిరిగాను. మూడో రోజు పొద్దున కొట్టుకు వెళితే గడప అద్దంలా మెరుస్తోంది. గుంత లేదు. పైనంతా చిత్రిక పట్టేశారు.

"మొదలాళే వచ్చి చెప్పినారు మేడం. గృహప్రవేశానికి పెద్దోళ్లు వస్తారంట, పాత కట్టె మాదిరి ఉండకూడదంట. నేనేం చేసేది?" అన్నాడు ఆచారి. మొదలాళంటే యజమాని, శెట్టిగారే. చిత్రిక పొట్టు అప్పటికే పక్క టీ కొట్టు పొయ్యిలోకి పోయింది.

బూత్ నుంచి శెట్టిగారికి ఫోన్ చేశాను. అమ్మ కోసం కొత్తదానిలా చేయించానని సంబరంగా చెప్పారు. ఆయనది చెడ్డ మనసు కాదు. అందుకే నాకు ఇంకా బాధేసింది.

టెంపోలో మనలి మీదుగా బయల్దేరాం. ఫ్యాక్టరీల కంపుకు డ్రైవరు వానలో కూడా అద్దాలు ఎత్తలేదు, ఎత్తితే లోపల ఇంకా చస్తామన్నాడు. మధ్యాహ్నానికి చేరి గడప బిగించాం. నాలుగింటికి కారులో అవ్వ వచ్చింది.

కొడుకు చెయ్యి వదిలి గుమ్మం ముందు కూర్చుంది. పసుపు కలిపి రుద్దింది. పాలిష్ మీద పసుపు నిలవలేదు, జారి పాలరాతి మీదికి కారింది. ఆమె చెయ్యి ఈ చివర నుంచి ఆ చివరికి పోయి, వెతుక్కుంటూ మళ్లీ నడిమికి వచ్చింది.

"ఇది ఎవురి గడప?"

మనదేనని కొడుకు అన్నాడు. ఆమె నావైపు తిరిగింది. "నువ్వు చెప్పు అమ్మణ్ణీ."

"అదేనవ్వా. చదును చేశారు" అన్నాను.

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని లోపలికి వచ్చి, నేను ఏరికోరి తెప్పించిన సోఫా అంచున చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొడుకు ఏది చెప్పినా బాగుంది బాగుందంది. చుట్టపుచూపుగా వెళ్లిన ఇళ్లలో మనమూ అలాగే అంటాం.

పొద్దు వాలుతుండగా సెలవు తీసుకున్నాను. నా గొంతు విని అవ్వ లేచి నిలబడింది.

"ఉండు, నేను కూడా వస్తా. పోయే దావలో నన్ను ఇంటికాడ దించేసి పో."

"నా బండి అటు పోదవ్వా" అన్నాను. అది నిజమే. మింజూరు నుంచి నెల్లూరు పోవాలంటే మళ్లీ సెంట్రల్‌కు వెళ్లనక్కర్లేదు. లోకల్‌లో గుమ్మిడిపూండి దాకా పోతే అక్కడ బస్సులుంటాయి.

స్టేషన్‌లో బల్ల మీద కూర్చున్నాను. ఎన్నో ఇళ్లు సర్దాను గానీ, ఒక మనిషికి ఇల్లు లేకుండా చేసి తిరిగొస్తున్నట్టు అనిపించింది ఆ ఒక్కసారే. మద్రాసు వైపు, అవ్వ అడిగిన దావలో పోయే లోకల్ ముందు వచ్చింది. పెట్టెలో ఇద్దరో ముగ్గురో ఉన్నారు, సీట్లన్నీ ఖాళీ. కాసేపు ఆగి, వానలో కదిలి వెళ్లిపోయింది.