రాసుకోవడానికి కావలసిన తగువు

దగ్గరికి జరగండి, ఆ కుర్చీ వదిలేసి చాప మీదకొచ్చేయండి. మా జాలరిపేటకి తగువుల కోసం వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను.

యూనివర్సిటీలో మనుషుల తీరు చదువుకునే పిల్ల. చేపలమ్ముకునే ఆడవాళ్లు ఎందుకు తగువు పడతారో, మళ్లీ ఎలా కలిసిపోతారో చూసి రాయాలట. అందరినీ అడిగి, ఒప్పుకున్నాకే మా వీధిలో కూర్చుంది. "నేను లేననుకోండి. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి," అంది.

లేదనుకోవడం ఎలా? ఇంటికొచ్చిన ఆడపిల్ల ముందు గొంతు లేపడం మా దగ్గర మర్యాద కాదు. ఆ పిల్ల కనబడితే చాలు, కుళాయి దగ్గర "ముందు నువ్వు పట్టుకో", "కాదు, నువ్వే పట్టుకో" అంటూ నీళ్లన్నీ మురుగులోకి పోనిచ్చేవాళ్లం. ఒడ్డున వేలంపాటలో ఒకరి మీద ఒకరు పాడటం కూడా మానేశాం. చేపలకి ధర లేవక పడవలవాళ్లు తలలు పట్టుకున్నారు.

కొన్నాళ్లకి ఆ పిల్ల ముఖం వాడిపోయింది. ఒక్క తగువైనా దొరక్కపోతే ఇక్కడ చాలించి వేరే ఊరు వెళ్లమన్నారట వాళ్ల మేష్టారు. చేసిన పనంతా వృథా. నాకు జాలేసింది. పక్కింట్లో ఉండే నా తోడికోడల్ని పిలిచి, "పిల్ల కోసం ఓ తగువాడదామే," అన్నాను.

మర్నాడు గుమ్మాల్లో నిలబడి మొదలుపెట్టాం. "నీ గంప నా గంపకి తగిలింది!" "తగిల్తే ఏటి?" అంటూ చప్పగా సాగుతోంది. ఇంతలో నా తోడికోడలు కొంగు దోపి, "నీ పులుసు తినలేకే బావగారు మా ఇంటికొచ్చి తింటన్నారు!" అంది.

వీధంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ చప్పట్లకి పిల్లకి అనుమానమొచ్చింది.

"పిన్నీ, ఇది నా కోసం ఆడుతున్నారా? అయితే నేను రాయకూడదు. అబద్ధం రాసినట్టవుతుంది."

"రాసింది కొట్టేయమ్మా," అని తోడికోడలి వైపు తిరిగాను. "పులుసు మాట కూడా ఉత్తిదేనేటే?"

"గంప మాటే ఉత్తిది. పులుసు మాట నిజం, అప్పా."

అంతే, అసలు తగువు అప్పుడు లేచింది. దాని చింతపండు నుంచి నా ఉప్పు దాకా ఏదీ మిగల్లేదు. మధ్యలో ఆ పిల్ల ఇద్దరి ముఖాలూ చూస్తూ, "ఇది రాసుకోవచ్చా?" అని అడుగుతోంది.

"రాయమ్మా!" అంది తోడికోడలు.

"పులుసు మాట రాత్తే నానొప్పుకోను!" అన్నాను.

"పేర్లు ఉండవు పిన్నీ, ఎవరన్నారో ఎవరికీ తెలీదు."

"పేర్లు నేకపోతే గెల్సింది నానని ఎలా తెలుత్తాది?" అని తోడికోడలు కొత్త గోల ఎత్తింది.

పులుసు మాట నిజమో కాదో తేల్చమని మా ఆయన్ని పిలిచాం. అరుగు మీద వల బాగుచేసుకుంటూ అన్నీ వింటూనే ఉన్నాడు. ఆ పిల్ల ఎంతో మర్యాదగా, "బాబాయ్ గారూ, ఇష్టం లేకపోతే మీరు జవాబు చెప్పక్కర్లేదు. మా చదువులో అది నియమం," అంది.

మా ఆయన ముఖం వెలిగిపోయింది. "అలాటి రూలుందేటమ్మా! పెళ్లప్పుడే ఎవులైనా సెప్పుంటే ఎంత బాగుణ్ణు! అయితే నాను సెప్పను."

వీధంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

"రాసుకోమ్మా," అన్నాను. "పులుసు మాటా రాసుకో. మీ బాబాయ్ జవాబు సెప్పనేదని అదీ రాయి."

ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుంది. తన చదువు గట్టెక్కింది.

మీ ఇంట అలిగినవాళ్లు అన్నం వేళకి కంచం ముందుకి రావాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి, తల్లీ.